ఉప్పుగాలిలో మా పాత డ్రైయరు

ఎండకు వెల కట్టినవారు లేరు. ఉదయం దండెం మీద బట్ట వేసి, సాయంత్రం తీసి మడత పెట్టుకొనే మనకు, ఆ బట్టలోని నీరు ఎక్కడికి పోయిందన్న ప్రశ్న పుట్టదు. ఏడాదిలో ఎక్కువ నెలలు మన నెల్లూరు సీమలో ఎండ అడగకుండానే వస్తుంది. అడగకుండా వచ్చినదాని విలువ అది రాని రోజున గాని తెలియదు. అటువంటి రోజులు మన తీరంలో ఏటేటా, తప్పకుండా వస్తాయి.

దేశంలో చాలా భాగానికి వానకాలమంటే జూను మొదలు సెప్టెంబరు వరకు. నెల్లూరు తీరం సంగతి వేరు. నైరుతి మేఘాలు మన మీదుగా పోతూ కొద్దిగా విదిలించి పోతాయి. మనకు నిజమైన వానలు తెచ్చేవి ఈశాన్య ఋతుపవనాలు. ఏడాది మొత్తం మీద కురిసే వానలో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురుస్తుంది. 2015 నవంబరు నాటి వానలు, 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద, 2023 డిసెంబరు మొదటి వారంలో వచ్చిన మిచౌంగ్ తుపాను మన అందరికీ జ్ఞాపకమే. తుపాను లేని సంవత్సరాలలో కూడా ముసురు తప్పదు. ముసురు పట్టిందంటే వసారాలో, గదులలో, తలుపు రెక్కల మీద, మంచం కోళ్ళ మీద ఎక్కడ చూసినా తడిబట్టలే కనిపిస్తాయి. మూడవనాటికి అవి ముక్కవాసన వేస్తాయి.

మైపాడు దారిలో సముద్రానికి చేరువగా ఉన్న మా వంటి ఊళ్ళలో వానకు తోడు ఉప్పు కూడా ఉన్నది. సముద్రపు గాలిలో కంటికి కనిపించని ఉప్పురేణువులు ఉంటాయి. తీరంలోని బోరునీళ్ళు కూడా చాలాచోట్ల ఉప్పన. ఉప్పుకు ఒక స్వభావమున్నది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది ఆ తేమను పీల్చుకొని తానే నీరవుతుంది. మన ఇళ్ళలో ఉప్పుజాడీ వానకాలంలో చెమ్మగిల్లడం ఇందుకే. ఉప్పునీటిలో జాడించిన బట్ట ఎంతసేపు ఆరవేసినా చేతికి చల్లగా, జిడ్డుగా తగలడమూ ఇందుకే. ఇనుము మీద పడిన ఉప్పుపొర రాత్రింబవళ్ళు తడిగానే ఉండి, ఇనుమును తుప్పుగా మారుస్తుంది. బట్టను ఆరనీయనిది, యంత్రాన్ని తినివేసేది ఒకే ఉప్పు. ఈ సంగతి మున్ముందు మళ్ళీ అవసరమవుతుంది గనుక పాఠకులు మనసులో ఉంచుకొందురు గాక.

డ్రైయరు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చలిదేశాలలో ఆ పేరుతో పిలిచేది వేడిగాలితో బట్టలను ఆరబెట్టే పెట్టెను. దానికి చాలా చరిత్ర ఉన్నది. అమెరికాలో జార్జి శాంప్సన్ అనే నల్లజాతి ఆవిష్కర్త 1892లో పొయ్యి వేడిమితో బట్టలారవేసే చట్రానికి పేటెంటు పొందారు. మన ఇళ్ళలో బాలింతల గదిలో కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి పసిబిడ్డ బట్టలు ఆరవేసే పెద్దలు ఆ పేటెంటు సంగతి ఎరుగరు గాని, ఆలోచన ఒక్కటే. మన ప్రాంతంలో మాత్రం డ్రైయరు అంటే రెండు తొట్ల వాషింగు మెషీనులోని రెండవ తొట్టి. అది వేడి చేయదు. బట్టలను గిరగిర తిప్పి నీటిని పిండుతుంది, అంతే. తక్కిన పని గాలి చేసుకోవలసిందే.

అంతే అన్నాము గాని, అది చిన్న పని కాదు. ఆ తొట్టి అడ్డుకొలత సుమారు 22 సెంటీమీటర్లు. నిమిషానికి సుమారు 1,350 చుట్లు తిరిగితే దాని గోడ దగ్గర ఉన్న నీటిబొట్టు మీద పడే ఒత్తిడి భూమ్యాకర్షణకు రెండువందల రెట్లకు పైన ఉంటుంది. ఎంత బలమైన చేతులైనా ఒక దుప్పటిని అంతగా పిండలేవు. ఖర్చు లెక్క ఇంకా ఆశ్చర్యకరం. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ ఉష్ణం కావాలి. విద్యుత్తు లెక్కలో అది ఒక యూనిట్టులో మూడింట రెండు వంతులు. 200 వాట్ల మోటారు ఐదు నిమిషాలు తిరిగితే అయ్యే ఖర్చు యూనిట్టులో అరవయ్యవ వంతు. అంటే, ఆ ఐదు నిమిషాలలో ఒక్క లీటరు నీరు బయటికి పోయినా, వేడితో ఆరబెట్టే ఖర్చులో నలభయ్యవ వంతుతో పని జరిగినట్లు. సామాన్య సంసారానికి ఇంతకు మించిన సాయం చేసే యంత్రాలు అరుదు.

మా ఇంటికి ఆ సాయం ఎందుకంత అవసరమైనదో చెప్పవలసి ఉన్నది. మా దాదీకి పక్షవాతం వచ్చి మంచం పట్టి రెండేళ్ళు దాటింది. రోజుకు నాలుగు దుప్పట్లయినా మార్చాలి. పక్క ఏమాత్రం తడిగా ఉన్నా వీపున పుండ్లు పడతాయనీ, ఒకసారి పడితే మానడం కష్టమనీ వైద్యులు హెచ్చరించారు. దానికి తోడు, ఆమె పడుకొనే సైగలతో అయిదుపూటలా నమాజు చేస్తారు. ఒంటిమీది బట్టా, కింది పక్కా పాక్‌గా లేకపోతే ఆమె మనసు ఒప్పదు. మాట సరిగా రాకపోయినా దుప్పటి అంచు వేళ్ళతో తడిమి చూసి, చెమ్మ తగిలితే ముఖం పక్కకు తిప్పుకొంటారు. ఈ చాకిరీ అంతా అమ్మీదే. ఎండాకాలంలో దండెం ఆదుకొనేది. ముసురు రోజులలో ఆదుకొనేది పద్నాలుగేళ్ళనాటి ఆ డ్రైయరు ఒక్కటే.

2023 నవంబరు చివరి వారంలో అది ఆగిపోయింది. మూత మూసి మీట తిప్పితే ‘ఊఁ’ అని రొద చేస్తుంది గాని తొట్టి తిరగదు. కబురు చేయగా ఒక మరమ్మతుదారు వచ్చారు. మీట ఒకసారి తిప్పి రొద విన్నారు. “మోటారు పోయిందమ్మా. ఇంత పాతదానికి డబ్బు పెట్టడం దండగ. కొత్తది తీసుకోండి” అని అమ్మీతో చెప్పి వెళ్ళిపోయారు. వచ్చింది మొదలు పోయేవరకు పది నిమిషాలు. ఆయన పెట్టెలోని స్క్రూడ్రైవరు బయటికి రాలేదు.

ఆయనను నిందించడం మా ఉద్దేశం కాదు. ఊరూరా తిరిగే మనిషికి ఒక పాత యంత్రం మీద పూటంతా గడిపితే కూలి గిట్టదు. అయితే కొత్త యంత్రం వెల మా ఇంట రెండు నెలల ఖర్చు. ఆకాశవాణి అప్పటికే బంగాళాఖాతంలో వాయుగుండం సంగతి చెబుతున్నది. మాలో ఒకరు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని నేర్చినవారు, ఇంకొకరు ఈ కళాశాలలోనే భౌతికశాస్త్రం చదువుతున్నవారు. యంత్రానికి తీర్పు చెప్పేముందు దానిని విచారించి చూద్దామని అన్నదమ్ములం నిశ్చయించుకొన్నాము.

మొదట చేసిన పని ప్లగ్గు పీకి పక్కన పెట్టడం. యంత్రం విప్పి ఉన్నంతసేపు ఆ ప్లగ్గు అమ్మీ చేతి సంచిలోనే ఉన్నది. ఈ ఒక్క నియమం పాటించలేనివారు తక్కినదేదీ చేయకపోవడం మేలు.

తరువాత ఆలోచన. డ్రైయరు మూత కింద ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. మూత తెరిస్తే అది విద్యుత్తును ఆపుతుంది. దానితోపాటే ఒక ఇనుప తీగ కింద ఉన్న బ్రేకును వదలి, తొట్టిని పట్టుకొని ఆగేటట్లు చేస్తుంది. మూత మూస్తే తీగ బిగిసి, బ్రేకు చేయి పక్కకు తొలగి, తొట్టి తిరగడానికి వీలవుతుంది. మీట వద్ద గడియారం వంటి టైమరు ఉన్నది. ఇప్పుడు ఆ రొదను గురించి ఆలోచించండి. రొద వస్తున్నదంటే మోటారుకు విద్యుత్తు చేరుతున్నదన్నమాట. కనుక ప్లగ్గు, టైమరు, మూత స్విచ్చి ఈ మూడూ నిర్దోషులు. ఏ శబ్దమూ లేకుంటే వాటిని వెదకవలసి వచ్చేది. మోటారు కాలి ఉంటే మాడు వాసన తెలుస్తుంది. అది లేదు. మల్టీమీటరుతో చూస్తే చుట్టలలో ఏదీ తెగలేదు. యంత్రానికి మరణపత్రంగా భావించిన ఆ రొదే నిజానికి సగం యంత్రం క్షేమమని చెప్పే సాక్ష్యమైంది.

మిగిలినవి రెండు అనుమానాలు. తొట్టిని ఏదో పట్టుకొని ఉండాలి, లేదా మోటారుకు మొదటి ఊపు అందకపోయి ఉండాలి. మూత మూసి ఉంచి, వెనుక పలక విప్పి, కింద ఉన్న బ్రేకు చక్రాన్ని చేతితో తిప్పి చూశాము. మూత మూసి ఉన్నది గనుక అది సుళువుగా తిరగాలి. కదలలేదు. బ్రేకు చేతిని స్క్రూడ్రైవరుతో పక్కకు నెట్టి పట్టుకొంటే చక్రం చక్కగా తిరిగింది. బుష్‌లో దోషం లేదు, బ్రేకు చేయి తుప్పుతో బిగుసుకొనిపోయింది. గరుకు కాగితంతో తుప్పు రాచి, చేయి తిరిగే మొలవద్ద మాత్రం ఒక చుక్క నూనె వేశాము. బ్రేకు పట్టుకొనే పట్టీకి గాని, రబ్బరుకు గాని నూనె తగలనీయరాదు. పట్టీకి నూనె తగిలితే తొట్టి ఆగదు, రబ్బరుకు తగిలితే అది ఉబ్బి చెడుతుంది.

పలక బిగించి, ప్లగ్గు పెట్టి చూస్తే తొట్టి తిరిగింది. కాని బద్ధకంగా, క్షణంసేపు రొద చేసి, ముసలివాడు లేచినట్లు లేచింది. ఇక్కడ రెండవ అనుమానం ముందుకు వచ్చింది. మన ఇళ్ళకు వచ్చే ఒంటి ఫేజు విద్యుత్తు మోటారులో అయస్కాంత క్షేత్రాన్ని ముందుకూ వెనుకకూ ఊపగలదు గాని, దానంతట అది చుట్టూ తిప్పలేదు. ఊయలను ఎటూ నెట్టకుండా ఉన్నచోటనే కుదిపినట్లు ఉంటుంది. అందుకే మోటారులో రెండవ చుట్ట పెట్టి, దాని విద్యుత్తు మొదటిదానికంటె కొంచెం ముందుగా నడిచేటట్లు కెపాసిటరును కలుపుతారు. ఆ తేడా వలన క్షేత్రం ఒక దిక్కుకు తిరుగుతుంది, దాని వెంట మోటారు తిరుగుతుంది. కెపాసిటరు బలహీనపడితే మోటారుకు మొదటి ఊపు చాలదు. సీలింగు ఫ్యాను మెల్లగా తిరగడానికి కూడా తరచు ఇదే కారణం. ప్లగ్గు మళ్ళీ తీసి, కెపాసిటరులో నిలిచి ఉండే విద్యుత్తును బల్బు ద్వారా పోనిచ్చి, కొలిచి చూశాము. మీద 5 మైక్రోఫారడులని ముద్ర ఉన్నది. కొలతలో 3 మాత్రమే వచ్చింది. నెల్లూరు వెళ్ళి అదే కొలతది, అదే ఓల్టేజికి తగినది కొత్తది తెచ్చి వేయగా తొట్టి మునుపటివలె ఒక్క ఊపున లేచింది.

చాలామంది ఇక్కడితో పని పూర్తి అయినట్లు చేతులు కడుగుకొంటారు. మాకు విడిభాగాలు అమ్మిన దుకాణంలోని వృద్ధ మిస్త్రీ చేతులు కడుగుకోనీయలేదు. “బ్రేకు తుప్పు పట్టిందన్నారు. తుప్పుకు నీళ్ళెక్కడివి? ఆ చోటికి నీళ్ళు పోకూడదే” అన్నారు ఆయన. ఎంత మంచి ప్రశ్న! బ్రేకూ మోటారూ ఉండేది తొట్టికి అడుగున, పొడిగా ఉండవలసిన అరలో. తొట్టి ఇరుసు ఆ అరలోకి దిగేచోట నీరు కారకుండా ఒక రబ్బరు సీలు ఉంటుంది. తొట్టిలో చెంబెడు నీళ్ళు పోసి, వెనుకనుండి చూస్తే, ఆ సీలు అంచునుండి బొట్టుబొట్టుగా నీరు బ్రేకు మీద పడుతున్నది. మా బోరునీటి ఉప్పూ, సబ్బు నురుగూ కలిసిన నీరు అది. ఆ ఉప్పు ఒకసారి చేరిన తరువాత, నీరు కారని రోజున కూడా గాలిలోని తేమను పీల్చి ఇనుమును తడిగానే ఉంచుతుంది. అసలు దోషి సీలు, దాని వెనుక ఉప్పు. బ్రేకు బిగుసుకొన్నందువలన మోటారు తిరగలేక రొద చేసింది, మేము మొదట విన్నది దానినే. సీలు మార్చకుండా వదిలితే, సంక్రాంతిలోపే ఆ రొద మళ్ళీ వినవలసి వచ్చేది.

సీలు మార్చడమే అన్నిటిలో కష్టమైన పని. ఇరుసును పట్టి ఉంచే బోల్టు తుప్పుతో ఇరుసులో కలిసిపోయింది. దానిని బలవంతంగా తిప్పితే తల విరుగుతుంది. కిరసనాయిలులో నానిన గుడ్డపేలిక చుట్టి రాత్రంతా ఉంచి, ఉదయం స్పానరు వేస్తే వదిలింది. తొట్టి పైకి లాగి, కింద పేరుకొన్న బురద, రెండు గుండీలు, ఒక పిన్నీసు తీసి, కొత్త సీలు కూర్చి, మళ్ళీ బిగించాము. విప్పేటప్పుడు తీసిన ప్రతి మరను తీసిన క్రమంలోనే పళ్ళెంలో పేర్చి ఉంచడం వలన బిగించేటప్పుడు తడుముకోవలసిన పని లేకపోయింది. కెపాసిటరు, సీలు రెండింటి వెల కలిపి చూస్తే కొత్త యంత్రం వెలలో ఇరవయ్యవ వంతు కూడా కాలేదు.

ఆ పని ముగిసినది డిసెంబరు 2వ తేదీన. మరునాటినుండి తుపాను వాన. డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర తీరం దాటేవరకు మాకు ఎండ లేదు. మధ్యలో విద్యుత్తు కూడా లేదు. విద్యుత్తు లేనప్పుడు డ్రైయరు ఒట్టి పెట్టెయే. ఆ గంటలలో కుంపటీ, వెదురుబుట్టా పనిచేశాయి. విద్యుత్తు వచ్చిన ప్రతిసారీ అమ్మీ ముందుగా దాదీ దుప్పట్లు డ్రైయరులో వేసేది. అందులో పిండిన దుప్పటి కుంపటి దగ్గర గంటలో ఆరింది, చేతితో పిండినది పూటంతా పట్టింది. ఆ వానలలో దాదీ వీపున ఒక్క పుండు పడలేదు. మేము చేసిన మరమ్మతుకు మాకు తెలిసిన కొలబద్ద అదొక్కటే.

ఇటువంటి అనుభవం ఒక ఇంటిది మాత్రమే కాదని చెప్పడానికి ఈ విషయం రాస్తున్నాము. వస్తువు కొన్నవారికి దానిని బాగుచేయించుకొనే హక్కు ఉండాలన్న మాట ఈనాడు ప్రపంచమంతటా వినిపిస్తున్నది. మన దేశంలో 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ హక్కుపై ఒక సంఘాన్ని నియమించింది. అదే సంవత్సరం డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవంనాడు, అందుకు ఒక పోర్టలును ప్రారంభించారు. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన శాసనం వాషింగు మెషీనులకు, బట్టలారబెట్టే యంత్రాలకు కూడా వర్తిస్తుంది. విడిభాగాలు దొరకాలి, వాటిని బాగుచేసే వివరాలు దాచరాదు అన్నది ఈ ప్రయత్నాల సారాంశం. ఇవి మంచి మాటలే. అయితే హక్కు కాగితం మీద వచ్చినంత మాత్రాన తుప్పుబోల్టు దానంతట వదలదు. విప్పి చూసే ఓపిక, వరుసగా ప్రశ్నించే అలవాటు ఉన్న మనుషులు కావాలి. ఆ అలవాటును నేర్పవలసినది మన వంటి కళాశాలలే.

విద్యార్థి మిత్రులారా! ప్రయోగశాలలో కెపాసిటరు సూత్రం రాసి మార్కులు తెచ్చుకొన్నవారు మనలో ఎందరో ఉన్నారు. ఇంట్లో ఫ్యాను మెల్లగా తిరిగితే ఆ సూత్రం జ్ఞాపకం వచ్చేవారు ఎందరు? చదువుకొన్నది ఒకచోట, బతుకుతున్నది ఒకచోట ఉన్నంతకాలం మన వస్తువులు అంగడిలోనుండి చెత్తకుప్పకు త్వరగా పోతూనే ఉంటాయి. మన తీరంలో వాటి వేగం మరింత ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ ఉప్పు ఎవరికోసమూ ఆగదు. ఉప్పును ఆపలేము గాని, దాని దారి తెలుసుకొని అడ్డం కట్టవచ్చు. ఆఖరి జాడింపు మంచినీళ్ళతో చేయడం, పని కాగానే మూత తెరిచి తొట్టిని గాలికి ఆరనీయడం, యంత్రాన్ని తడినేల మీద కాక పీట మీద నిలపడం, మూడవ పిన్నుకు ఎర్తు సరిగా ఉన్నదో లేదో ఏడాదికొకసారి చూపించుకోవడం, తొట్టి పూర్తిగా ఆగేవరకు అందులో చేయి పెట్టకపోవడం. ఈ అయిదింటికీ ఖర్చు లేనట్లే.

మన పత్రికలో ఒకవైపు ఉర్దూ, ఒకవైపు తెలుగు ఉన్నాయి. మరమ్మతు అన్న మాట ఉర్దూలోని మరమ్మత్. అరబ్బీ భాషలో పుట్టి, ఫారసీ, ఉర్దూల దారిలో తెలుగింటికి వచ్చి, ఇప్పుడు తెలుగుమాటగానే చెలామణి అవుతున్నది. దానికి తెలుగులో ఉన్న పాతమాట బాగుచేయడం. రెండుమాటలూ కలిసి బతుకుతున్న ఊళ్ళు మనవి. ఏది వాడినా ఫరవాలేదు. ‘పాడైంది’ అని చెప్పి లేచిపోయేముందు, ఏది ఆగింది, ఎందుకు ఆగింది, మళ్ళీ ఆగకుండా ఏమి చేయాలి అన్న మూడు ప్రశ్నలు అడగడమే ఆ రెండుమాటల తాత్పర్యమని మేము నమ్ముతున్నాము.